ఆరు పడుగులు

2014 ఆగస్టు 20, బుధవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా తమ్ముడి భార్య పెనుకొండ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ముందురోజు ఇద్దరూ హిందూపురంలో మా ఇంటికి వచ్చి ఉన్నారు. పొద్దున నేను ఉప్మా చేస్తానన్నా ఆగకుండా మోటారు సైకిల్ మీద ధర్మవరానికి బయలుదేరారు. పెనుకొండ దగ్గర మలుపులో కంకర మీద బండి జారింది. ఆమెకు మోచేయి గీసుకుపోయింది, అంతే. అతనికి కుడివైపు పక్కటెముకల మీద దెబ్బ తగిలింది. లోపల రక్తం కారుతోందేమోనని కడుపు స్కాన్ తీశారు. రక్తం కారలేదు. కాలేయంలో మాత్రం ఒక మచ్చ కనిపించింది. దాని కొలత రెండున్నర సెంటీమీటర్లు.

ఆ మచ్చ ఎన్నాళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియదు. మా ఇంటికి అది వచ్చింది మాత్రం ఆ గంటకే. అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టాను.

హిందూపురంలో పట్టుగూళ్ల నుంచి దారం తీసే ఒక రీలింగ్ షెడ్డులో ముప్ఫై ఒక్క ఏళ్లు లెక్కలు రాశాను. మార్కెట్టు నుంచి వచ్చిన పట్టుగూళ్లు పొద్దున తూగినంత సాయంత్రం తూగవు. తడి ఆరిపోతూ ఉంటుంది. అందుకని ప్రతి తూకం పక్కన తేదీ, గంట రాయాలి. ఆ అలవాటు ఇంటి విషయాలకూ అంటుకుంది. మా తమ్ముడు దీన్ని నా రోగం అనేవాడు. అతనికి రోగం వచ్చాక ఆ మాట మానేశాడు.

మేము పుట్టింది ధర్మవరంలో, మగ్గాల ఇంట్లో. నాయన పట్టు చీరలు నేసేవాడు. నాయన తర్వాత అదే గుంతలో తమ్ముడు కూర్చున్నాడు. గుంత మగ్గం కదా, నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి, అంచున కూర్చుని, ముందుకు వంగి నేయాలి. పెద్ద అంచు చీరకు ఒక్కరు చాలరు. పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడె, అంటే అంచు దారాన్ని అటూ ఇటూ మోసే చెక్క, అందించాలి. ముప్ఫై ఏళ్లుగా ఆ పక్కన కూర్చున్నది అతని భార్య.

పెనుకొండలో స్కాన్ చూసిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఆలస్యం చేయకుండా బెంగుళూరు వెళ్లమని చెప్పింది. వెళ్లాం. రక్తంలో కామెర్ల వైరస్ ఉందన్నారు. అతనికి ఎప్పుడూ కామెర్లు రాలేదు. పుట్టినప్పుడు తల్లి నుంచి వచ్చి ఉండొచ్చనీ, అది ఏళ్లకేళ్లు చప్పుడు లేకుండా కాలేయాన్ని గట్టిపరుస్తుందనీ చెప్పారు. అదే వారం నాకూ పరీక్ష చేశారు. నాకు లేదు. ఒకే తల్లి బిడ్డల్లో అతనికి ఉండి నాకు లేకపోవడానికి కారణం ఎవరూ చెప్పలేకపోయారు.

సెప్టెంబరు 18, గురువారం ఆపరేషన్. ఎనిమిదిన్నరకు లోపలికి తీసుకెళ్లారు, ఒంటి గంటా నలభైకి బయటకు తెచ్చారు. కాలేయంలో కుడివైపు ఒక భాగం, దానితోపాటు పిత్తాశయం తీసేశారు. అంచులు శుభ్రంగా వచ్చాయనీ, ఇంత చిన్నగా ఉన్నప్పుడు దొరకడం అరుదనీ సర్జన్ అన్నాడు. ఆ మలుపులో కంకర పోసినవాడికి దండం పెట్టుకోమని నవ్వాడు. మేమూ నవ్వాం.

కానీ ఒక మాట ఆయన రెండుసార్లు చెప్పాడు. మచ్చను తీసేశాం, అది మొలిచిన నేల అలాగే ఉంది అని. మళ్లీ మొలవొచ్చు. మొలిచినా చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే ఏదో ఒకటి చేయవచ్చు. అందుకని రోజుకొక మాత్ర మానకూడదు. రెండేళ్లు మూడు నెలలకొకసారి, ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆరు నెలలకొకసారి స్కాన్ తీయించుకోవాలి. మా తమ్ముడు తల ఊపాడు. అతని భార్య తల ఊపింది. నేను నెలలు రాసుకున్నాను.

మొదటి రెండేళ్లలో ఎనిమిదిసార్లు వెళ్లాం. ఆ రెండేళ్లూ అతను మగ్గం ఎక్కలేదు, ఎనిమిదిసార్లూ చెప్పిన వారంలోనే వెళ్లాం. వాళ్లిద్దరూ ధర్మవరంలో రైలెక్కేవాళ్లు. పెనుకొండ దాటగానే నాకు ఫోన్ వచ్చేది. నేను చిత్రాన్నం, మజ్జిగ సంచిలో పెట్టుకుని హిందూపురం స్టేషనుకు నడిచేదాన్ని. కిటికీలో నుంచి తమ్ముడి చేయి కనిపించేది. ఆ చేతిని చూసి పెట్టె గుర్తుపట్టి ఎక్కేదాన్ని. ఎనిమిదిసార్లూ ఏమీ లేదన్నారు. ఏమీ లేదు అనే మాట కోసం అంత దూరం పోయి, అది విని, అదే రైల్లో తిరిగి వచ్చేవాళ్లం.

2016 సెప్టెంబరులో ఇక ఆరు నెలలకొకసారి చాలన్నారు. తర్వాతి స్కాన్ మార్చిలో జరగాలి. ఏప్రిల్‌లో జరిగింది. ఒక నెలే కదా అని నేనూ అనుకున్నాను. దాని తర్వాతది అక్టోబరులో జరగాలి. డిసెంబరు దాకా అతను కదలలేదు. అప్పుడు రైల్లో, హిందూపురం దాటాక, చిత్రాన్నం డబ్బా మూత తీస్తూ అడిగాను.

"ఎనిమిది నెలలాయ రా, పోయినసారి వచ్చి."

"యాడ ఎనిమిది? ఆరే కదక్కా."

"ఏప్రిల్‌లో వచ్చినాం. ఇది డిసెంబరు."

అతను భార్య వైపు చూశాడు. ఆమె వేళ్లు మడిచింది. "ఆరు పడుగులే వదినా. నేనే లెక్క పెట్టుకుంటా వస్తాండా. మొన్న శనివారంతో ఆరోది అయిపాయ."

అప్పుడు అర్థమైంది నాకు. వాళ్లిద్దరూ నన్ను ఏమార్చడం లేదు. చెప్పిన మాట తప్పకుండా పాటిస్తున్నారు.

పడుగు అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసి కట్టే పట్టుదారం. మా ఇళ్లల్లో ఒక పడుగుకు మూడు చీరలు. ఆలుమగలు ఇద్దరూ పొద్దున నుంచి సాయంత్రం దాకా నేస్తే మూడు చీరలకు నెల పట్టేది. అందుకే మా నాయన కాలం నుంచీ పడుగంటే నెల. ఆడపిల్ల కాన్పుకు ఎన్ని పడుగులు ఉన్నాయి, బడి తెరవడానికి ఎన్ని పడుగులు అని అడిగేవాళ్లు. డాక్టరు ఆరు నెలలంటే వాళ్లకు ఆరు పడుగులని వినిపించింది. కానీ ఆపరేషన్ తర్వాత మళ్లీ మగ్గం ఎక్కిన తమ్ముడు పూటకు రెండు గంటలకు మించి వంగి కూర్చోలేకపోతున్నాడు. దోనె, అంటే నేసిన చీరను చుట్టే ముందరి దుంగ, సరిగ్గా కోత ఉన్నచోట ఒత్తుకునేది. అక్కడ మడత దుప్పటి పెట్టుకుని నేసేవాడు. మూడు చీరలకు ముప్ఫై రోజులు కాస్తా నలభై అయ్యాయి. పడుగు పొడుగైంది, లెక్క మాత్రం ఆరు దగ్గరే ఉండిపోయింది.

రైల్లోనే కాగితం మీద వేసి చూపించాను. నలభై రోజుల చొప్పున ఆరు పడుగులంటే ఎనిమిది నెలలు. ఆరు నెలలంటే నాలుగున్నర పడుగులే. సగం పడుగు మీద వాళ్లు బయలుదేరరు కాబట్టి, ఇకనుంచి నాలుగు అని ఖాయం చేశాను. అతను బుద్ధిగా విన్నాడు.

"నాలుగే కదా, అట్లనే. నువ్వు షెడ్డులో రీలర్లకు చెప్పినట్ల చెప్తాండావు."

"వాళ్లు వినేవాళ్లు."

"వాళ్లకు దుడ్లు కోస్తావని భయం. నాకేం కోస్తావు? కోసేది ఆయనెవరో ముందే కోసె."

భార్య అతని తొడ మీద గిల్లింది. పక్క సీటులో వాళ్లు కూడా నవ్వారు.

సగం పడుగు సంగతి బయటివాళ్లకు వింతగా ఉండొచ్చు. పట్టు తేమ పీల్చి సడలిపోతుంది. ఎలుక కొరుకుతుంది. బిగువు తేడా వస్తే చీర మీద అడ్డంగా గీత పడుతుంది, పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారు వెనక్కి కొడతాడు. ఇవి కారణాలు. కారణాలు లేకపోయినా మా ఇంట్లో సగం పడుగు వదిలి ఊరు దాటేవాళ్లు కాదు, చావు కబురు వస్తే తప్ప. పడుగు అయిపోయి, కొత్త పడుగు దారాలను పాత కొసలకు ఒక్కొక్కటీ మెలిపెట్టి అతికించే మనుషులు వచ్చిన రోజే మగ్గానికి సెలవు. మళ్లీ మగ్గం ఎక్కినప్పటి నుంచీ బెంగుళూరు ప్రయాణాలన్నీ ఆ రోజే.

నా లెక్క తప్పలేదు. కానీ 2018 ఉగాది దాటాక సావుకారు నాలుగు చీరల పడుగులు ఇవ్వడం మొదలుపెట్టాడు. జరీ పని కూడా ఎక్కువ. ఒక్కో పడుగు రెండు నెలలు దాటింది. నాలుగు పడుగులు తొమ్మిది నెలలయ్యాయి.

ఆ ఏడు జూలైలో, గడువు నెల దాటాక, నేనే ధర్మవరం వెళ్లి కూర్చున్నాను. రెండు రోజులున్నాను. మగ్గం గదిలో గోడకు ఆనుకుని పీట వేసుకున్నాను. అతను నేస్తూనే ఉన్నాడు. నేను చెప్పేదంతా చెప్పాను. అతను నాడె విసురుతూ ఊ కొట్టాడు.

"అక్కా, నువ్వు సగం తూకమేసి లేచిపోయినావా ఎప్పుడన్నా?"

"లేదు."

"మరి?"

"తూకం నన్ను చంపదు."

"ఈ పడుగు కూడా నన్ను చంపదులే."

మరదలు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. మగ్గం ఆగింది. అతను నా వైపు తిరగలేదు. నేసిన బట్ట మీద అరచెయ్యి ఆనించి, సర్దుతున్నట్టు అటూ ఇటూ కదిలించాడు.

"ఆడికి పోతే ఏదో ఒగటి చెప్తారక్కా. ఈడ కూచున్నంతసేపు నాకెవురూ ఏమీ చెప్పరు."

కాఫీ వచ్చింది, తాగాం. మర్నాడు పొద్దున బండికి హిందూపురం వచ్చేశాను. సెప్టెంబరులో పడుగు అయ్యాక వాళ్లు వచ్చారు. స్కాన్‌లో ఏమీ లేదు. తిరుగు ప్రయాణంలో అతను నన్ను ఒక్క మాట కూడా దెప్పలేదు. ఏమీ లేకపోవడమే నన్ను దెప్పినట్టుంది.

2019 జూలైలో వెళ్లాం. అది పది నెలలకు. ఆపరేషన్ అయి అయిదేళ్లు నిండవస్తున్నాయని డాక్టరు సంతోషపడ్డాడు. లేచి నిలబడి తమ్ముడి చేయి పట్టుకుని ఊపాడు. అయినా ఆరు నెలలకొకసారి రావాల్సిందే, ఈ జబ్బు అయిదేళ్లతో ఆగదు అని వెంటనే అన్నాడు. ఆ రెండో మాట నేనొక్కదాన్నే ఇంటికి తెచ్చుకున్నాను. వాళ్లిద్దరూ అయిదేళ్ల మాట తీసుకువెళ్లారు. ధర్మవరంలో వీధంతా మైసూర్‌పాకు పంచారు. మాకు తెలిసినవాళ్లంతా గండం గడిచిపోయిందన్నారు. ఇంకా స్కాన్ స్కాన్ అనేదాన్ని నేనే, అపశకునంలా.

2020 జనవరిలో జరగాల్సింది జరగలేదు. మూడు పడుగులయ్యాయి, నాలుగోది ఎక్కింది. దాని మీద ఒక చీర నేసేసరికి మార్చి వచ్చింది. రైళ్లు ఆగిపోయాయి. సావుకారు దుకాణం మూతపడింది. అడ్డంగా నేసే పేకకు పట్టు లేదు, జరీ లేదు. మిగిలిన మూడు చీరల పడుగు మగ్గం మీద అలా బిగిసి ఉండిపోయింది. మరదలు దాని మీద పాత పంచె కప్పి, నాలుగు మూలలా ఎలుకల మందు పెట్టింది.

ప్రతి ఆదివారం ఫోన్ చేసేదాన్ని. మాత్రలు వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నానని చెప్పేవాడు. అది నిజమే. మాత్ర అతను ఏ రోజూ మానలేదు. అన్నం తింటున్నాడు, నడుస్తున్నాడు, నొప్పి లేదు. బెంగుళూరు ఆసుపత్రికి నేను ఫోన్ చేస్తే, జ్వరం, ఆయాసం ఉన్నవాళ్లను తప్ప ఎవరినీ తీసుకోవడం లేదన్నారు. పెనుకొండలోనైనా తీయించుకోమన్నాను. ఆ రోజుల్లో ఆసుపత్రి గడప తొక్కితే లేని జబ్బు అంటుకుంటుందని వాళ్ల భయం. ఆ భయం తప్పని చెప్పే ధైర్యం నాకూ లేదు.

దీపావళికి పట్టు వచ్చింది. రెండో చీర సంక్రాంతి దాటాక దిగింది. ఫిబ్రవరిలో రైళ్లు నడుస్తున్నాయి, పోదాం రా అన్నాను. మూడో చీర మీద ఉన్నాం, ఇంకెంతసేపు, రెండు చీరలే కదా అన్నాడు. మేలో మరదలికి జ్వరం పట్టుకుంది. ఇరవై రోజులు పడకలో ఉంది, లేచాక మూడు నెలలు మగ్గం దగ్గర కూర్చోలేకపోయింది. అంచు నాడె అందించే మనిషి లేదు. అతనొక్కడే నేయగలిగినంత నేసి, మిగతాది అలాగే ఉంచాడు. ఒక్కడివే రా, ఆమెను మా ఇంట్లో పెట్టుకుంటాను అన్నాను.

"పడుగు మీద ఉండాదక్కా," అన్నాడు.

ఇక్కడ నేను ఏం చేసి ఉండాల్సిందో చాలామంది చెప్పారు. పోలీసులను పంపాల్సిందన్నారు ఒకరు. మగ్గం మీద పడుగు కత్తెరతో కత్తిరించి పారేయాల్సిందన్నారు ఇంకొకరు. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ మగవాడు, నాకు తమ్ముడు. అతని గుంతలో నేను కత్తెర పట్టుకుని దిగడం నాకు ఊహకు రాలేదు. వచ్చినా దిగేదాన్ని కాదు. అది మా నాయన గుంత కూడా.

2021 నవంబరులో నాలుగో పడుగు అయిపోయింది. అతికేవాళ్లు వచ్చిన రోజే రైలెక్కారు. ఇరవై ఎనిమిది నెలల తర్వాత పెనుకొండ దాటామని ఫోన్ వచ్చింది.

ఈసారి స్కాన్ గదిలో చాలాసేపు ఉంచారు. తర్వాత ఇంకో స్కాన్ అన్నారు. రెండు మచ్చలు. ఒకటి చిన్నది. ఇంకోటి నాలుగు సెంటీమీటర్లు దాటింది, పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది. మిగిలిన కాలేయం గట్టిపడింది కాబట్టి మళ్లీ కోస్తే మనిషి తట్టుకోడన్నారు. తొడ దగ్గర రక్తనాళంలో నుంచి సన్నని గొట్టం పంపి, మచ్చకు రక్తం అందించే దారిని మందుతో మూసేస్తామన్నారు. అది ఆపుతుంది, తీసేయదు.

ఇద్దరినీ బయట కూర్చోబెట్టి నేను మళ్లీ లోపలికి వెళ్లి డాక్టరును అడిగాను. 2020 జనవరిలో వచ్చి ఉంటే? ఆ తర్వాత జూలైలో వచ్చి ఉంటే? ఎప్పటికి వచ్చి ఉంటే కోయగలిగేవారు? నాకొక నెల చెప్పమన్నాను.

"చెప్పలేమమ్మా," అన్నాడు. "చిన్నగా ఉన్నప్పుడు దొరికి ఉండొచ్చు. దొరికినా ఇదే చోట ఉంటే ఇదే మాట చెప్పేవాళ్లమేమో."

ఏదో ఒక నెల చెప్పి ఉంటే నేను దాన్ని పట్టుకుని ఏడ్చేదాన్ని, కోపం చేసుకునేదాన్ని. అదీ ఇవ్వలేదు. అది ఆయన తప్పు కాదు.

బయట మరదలు నా చేయి పట్టుకుంది. "వదినా, ఆరు నెలలని వాళ్లు చెప్పినప్పుడే నేను నెలలే లెక్క పెట్టింటే..." అని ఆగిపోయింది. తమ్ముడు ఆమెను మందలించాడు. ఆమె పెట్టిన లెక్కలో ఒక్క పడుగు కూడా తప్పలేదని అన్నాడు. అది నిజం.

ఆ గొట్టం వైద్యం మూడుసార్లు జరిగింది. మొదటిసారి బాగా తగ్గింది. రెండోసారి కొంచెం తగ్గింది. మూడోసారి తగ్గలేదు. ఇప్పుడు మాత్రలు. అరిచేతులు, అరికాళ్లు పొక్కుతాయి. పట్టుదారం పట్టుకుంటే చర్మానికి చిక్కుకుంటుంది. 2023 జనవరిలో మగ్గం విప్పి చెక్కలు వేరే ఇంటికి ఇచ్చేశారు. గుంత పూడ్చి సిమెంటు వేశారు. దాని మీద ఇప్పుడు అతని మంచం ఉంది.

మగ్గం లేదు కాబట్టి పడుగులు లేవు. ఇప్పుడు నెలకొకసారి రమ్మంటున్నారు, చెప్పిన తేదీకి వస్తున్నారు. ఒక్క రోజు కూడా దాటడం లేదు. గోడకు క్యాలెండరు కట్టుకుని గుండ్రాలు చుట్టుకున్నారు. నేను గుర్తు చేయాల్సిన పని లేదు. తేదీకి వచ్చినా చేసేదేమీ మారడం లేదు, రక్తం తీసుకుంటారు, అవే మాత్రలు రాస్తారు.

పోయిన సెప్టెంబరులో డాక్టరు చుట్టూ చదువుకునే పిల్లలు నిలబడి ఉన్నారు. మా తమ్ముడిని చూపించి, ఆపరేషన్ అయి పదకొండేళ్లు, ఇంతకాలం బతికినవాళ్లు తక్కువ అని చెప్పాడు. వాళ్లు అతన్ని గౌరవంగా చూశారు. అతను చొక్కా పైకెత్తి కోత గుర్తు చూపించాడు. డాక్టరు చెప్పిన సంఖ్య సరైనదే. నేను మనసులో కూడి చూసుకున్నాను కూడా.

బయటకు వచ్చాక, "విన్నావా అక్కా, నేను పెద్ద కేసంట," అన్నాడు.

"విన్నా."

"మొగం అట్ల పెట్టుకుంటావేంది మరి?"

మజ్జిగ ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, కడుపు ఉబ్బరంగా ఉందని పక్కన పెట్టాడు.

ఈ రోజు వరకు పోయినవి ఇవి. కాలేయంలో కుడివైపు ఒక భాగం, పిత్తాశయం. 2016 సెప్టెంబరు నుంచి 2021 నవంబరు దాకా జరగాల్సిన స్కాన్లు పది, జరిగినవి అయిదు, పోయినవి అయిదు. గడువు దాటి పోయిన కాలం మొత్తం ముప్ఫై రెండు నెలలు. మగ్గం ఒకటి. ఆ మగ్గం మీద ఇద్దరి పని. మరదలు ఇప్పుడు ఇంకొకరి ఇంట్లో అంచు నాడె అందించడానికి కూలికి పోతోంది. అతని ఒంట్లో పద్దెనిమిది కిలోలు. కుడి చేతి బొటనవేలు మీద, చూపుడువేలు మీద చర్మం.